సెకండ్ హ్యాండ్ లోడు బండి: ఏ ఇంజను ఎవరికి సరిపోతుంది?

మన మిల్లు ఇండ్లల్లో ఒకటి చూసినాను. పెద్దాయన రిటైరై పీఎఫ్ డబ్బు చేతికి వచ్చిన నెల లోపల ఇంట్లో మూడు మాటలు లేస్తాయి. ఇంటి మీద ఇంకో గది కడదాం అని ఒకరు. ఆడపిల్లకు నగ చేయిద్దాం అని ఒకరు. లోడు బండి కొందాం అని ఇంకొకరు. కడంబూరు, కోవిల్‌పట్టి పక్క ఇప్పుడు మూడో మాటే ఎక్కువగా వినపడుతోంది. మిల్లులో పర్మినెంటు పని తగ్గిపోయింది. మన పిల్లలు కాంట్రాక్టులో పోయి రోజు కూలికి నిలబడే కన్నా సొంత బండి తోలుకోవడం మేలు అనుకుంటారు. అది తప్పు అనను. కానీ ఏ బండి, దాంట్లో ఏ ఇంజను అని లెక్క చూడకుండా కొంటే ఆ పీఎఫ్ డబ్బు ఎట్లా కరిగిపోతుందో నాకు తెలుసు. ఒకసారి కాల్చుకున్నాను. రెండోసారి జాగ్రత్త పడినాను. ఆ రెండూ చెబితే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది 2012లో. మా పెద్దవాడికి అప్పుడు 23 ఏండ్లు. నేను చీటీ ఎత్తి, మా ఇంటి ఆమె గాజులు కుదవ పెట్టి, మిగతాది ఫైనాన్సులో తీసుకుని పెద్ద డీజిల్ పికప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చినాను. అప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే: డీజిల్ అయితే చవక, పెద్ద బండి అయితే పెద్ద బాడుగ. ఆ రోజుల్లో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరు మీద 25, 30 రూపాయలు తేడా ఉండేది నిజమే. కానీ 2013 జనవరి నుంచి డీజిల్ ధర నెలనెలా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయినారు. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధర మీద పట్టు పూర్తిగా వదిలేసింది. ఇంకో పక్క మా వాడికి దొరికిన లోడు అగ్గిపెట్టెల బండిళ్లు, పప్పు మూటలు. పావు బండి కూడా నిండేది కాదు. పెద్ద ఇంజను తాగేది తాగుతూనే ఉంది. మూడు వాయిదాలు తప్పినాయి. బండిని ఎత్తుకుపోయినారు. మా వాడు తిరుప్పూరు బనియన్ కంపెనీకి పోయినాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. పండగకు వస్తాడు, అన్నీ మాట్లాడతాడు, బండి మాట మాత్రం ఎత్తడు.

అందుకే ఈసారి మా చిన్నల్లుడు, అంటే మా చెల్లెలి కొడుకే, "మామా, బొలెరో పికప్ ఒకటి వచ్చింది, 4,80,000 చెబుతా ఉండారు, కొందామా?" అని అడిగినప్పుడు నా గుండె ఒకసారి ఆగి కొట్టుకుంది. నా దగ్గర ఉండేది 3 లక్షలు. మిగతా 1,80,000 ఫైనాన్సు. నెలకు 6,500 చొప్పున 36 నెలలు కట్టాలి అన్నారు. కూడి చూస్తే 2,34,000. తీసుకునేది 1,80,000, కట్టేది 2,34,000.

నేను వద్దు అనలేదు. ఒక్కటి అడిగినాను. "ఒక నెల బాడుగ బండితో ఈ పనే చెయ్యి. రోజూ ఎంత దూరం పోయినావు, ఎన్ని కిలోలు ఎక్కించినావు, ఒక నోటుబుక్కులో రాయి. ఆ బుక్కు చూసి కొందాం." మిల్లులో ప్రతి షిఫ్టుకూ ప్రొడక్షన్ రాసిన చెయ్యి కదా నాది. రాయనిదాన్ని నేను నమ్మను.

నోటుబుక్కు చెప్పింది ఏమిటి

26 రోజులు రాసినాడు. 22 రోజులు లోడు 600 కిలోలు దాటలేదు. కోవిల్‌పట్టి కడలమిఠాయి డబ్బాలు, కడంబూరు బోళీలు, అగ్గిపెట్టెల బండిళ్లు, అప్పుడప్పుడు విళాత్తికుళం పక్క నుంచి మిరపకాయ మూటలు. 2 రోజులు 900 కిలోల దాకా వచ్చింది, దాన్ని రెండు నడకలుగా వేసినాడు. మిగతా 2 రోజులు కేరళలో పునలూరుకు పోయినాడు. సెంగోట్టై దాటి పులియరై మలుపులు ఎక్కి, ఆరియంకావు కనుమ దాటి పోవాలి. పోను రాను 250 కిలోమీటర్ల పైమాట. ఆ రెండు నడకలు తీసేస్తే మిగతా నెలంతా తిరిగింది సుమారు 1000 కిలోమీటర్లు.

మా అల్లుడు ఆ బుక్కు చూసి తానే ఆశ్చర్యపోయినాడు. వాడి మనసులో ఆ పునలూరు నడకే రోజూ చేసే పనిగా ఉండింది. ఆ నడకకు వచ్చిన బాడుగ పెద్దది కాబట్టి అదే గుర్తుంది. మనం బండి కొనేటప్పుడు చేసే మొదటి తప్పు ఇదే. నెలకు రెండుసార్లు వచ్చే పని కోసం నెలంతా తాగే ఇంజను కొంటాము.

ఏ బండిలో ఏ ఇంజను

మన పక్క సంతలో, బైపాసు మీద అమ్మకానికి నిలబెట్టే చిన్న లోడు బండ్లు ఎన్ని పేర్లు ఉన్నా ఇంజనును బట్టి నాలుగైదు రకాలే.

మొదటిది రెండు సిలిండర్ల చిన్న డీజిల్. 2005లో టాటా ఏస్ వచ్చింది. మన ఊర్లలో దాన్ని కుట్టి యానై అనే అంటారు. 702 సీసీ, 16 హార్స్ పవర్. టర్బో లేదు, కంప్యూటర్ గోల లేదు. బీఎస్4 దాకా వచ్చిన ఈ డీజిల్ ఏస్‌లో పంపు, నాజిల్, గ్లో ప్లగ్ అంతే. ఏ రోడ్డు పక్క మెకానిక్ అయినా విప్పి మళ్లీ బిగించగలడు. సామాను చవక. సమతలంలో ముక్కాలు టన్ను దాకా లాగుతుంది. కనుమ ఎక్కమంటే ఏడుస్తుంది. ఎక్కువ లోడు వేసి ఎండలో తోలితే వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. దీని జబ్బు అదే. ఇదే జాతిలో ఇంకా చిన్నవి ఒక్క సిలిండర్ బండ్లు: టాటా ఏస్ జిప్, మహీంద్రా జీతో. ఊరి లోపల తిరగడానికి సరే. అదురు ఎక్కువ.

రెండోది కామన్ రైల్ చిన్న డీజిల్. 2010లో వచ్చిన మహీంద్రా మాక్సిమో, ఆ తర్వాత వచ్చిన సుప్రో ఈ రకం. 909 సీసీ, రెండు సిలిండర్లు. డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో సన్నగా చిమ్ముతుంది కాబట్టి లాగుడు బాగుంటుంది, పొగ తక్కువ. కానీ నాజిల్ చెడితే ఖర్చు పెద్దది. డబ్బాలో నిలవ పెట్టిన మురికి డీజిల్ పోస్తే తట్టుకోదు.

మూడోది మూడు సిలిండర్ల ఒకటిన్నర లీటర్ డీజిల్. అశోక్ లేలాండ్ దోస్త్ అంటే మన తమిళనాడులో తెలియని వాళ్లు లేరు. హోసూరులో చేసి 2011లో వదిలినారు. 1478 సీసీ, టర్బో ఉంటుంది. టన్నుంబావు లోడుకు చేసిన బండి. కనుమ ఎక్కుతుంది. వారం వారం కేరళ పోయేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

నాలుగోది పెద్ద డీజిల్. బొలెరో పికప్: 2523 సీసీ, నాలుగు సిలిండర్లు. ఇటుకలు, రాళ్లు, పశువులు, ఐప్పసి వానల్లో నల్లరేగడి దారుల్లో గడ్డి లోడు, ఇట్లాంటి మొరటు పనికి ఇదే సరి. పెద్ద టైరు కాబట్టి బురదలో కుట్టి యానై కూరుకుపోయే చోట ఇది దాటిపోతుంది. బండి మంచిదే. బరువు లేని పనికి పెట్టడమే మనం చేసే తప్పు.

ఐదోది పెట్రోలు. 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీలో పెట్రోలు ఇంజను 1196 సీసీ, నాలుగు సిలిండర్లు. దాంట్లోనే 793 సీసీ డీజిల్ కూడా వచ్చింది, 2020లో మారుతి డీజిల్ మానేసింది కాబట్టి పాత బండ్లలోనే దొరుకుతుంది. టాటా ఏస్ గోల్డ్‌లో 2020 నుంచి 694 సీసీ, రెండు సిలిండర్ల పెట్రోలు ఉంది. పెట్రోలు ఇంజను చప్పుడు తక్కువ, అదురు తక్కువ, తెల్లవారి ఒక్క తిప్పుకు లేస్తుంది, సర్వీసు చవక. లోడుతో మెల్లగా పోయేటప్పుడు డీజిల్‌కు ఉండే ఆ ఈడ్పు దీనికి ఉండదు. గేరు దించి దించి తోలాలి.

సీఎన్‌జీ బండ్లు కూడా వస్తున్నాయి. గ్యాసు బంకు మీరు తిరిగే దారిలో ఉంటేనే దాన్ని తలచుకోండి. బంకు కోసం 20 కిలోమీటర్లు పోయి క్యూలో నిలబడితే మిగిలేది ఏమీ ఉండదు. గ్యాసు సిలిండర్‌కు 3 ఏండ్లకు ఒకసారి టెస్టు చేయించిన పత్రం ఉందా, ఆర్‌సీ పుస్తకంలో గ్యాసు అని ఎక్కించినారా, రెండూ చూడాలి.

డీజిల్ అంటే చవకేనా?

నేను ఈ లెక్క వేసినప్పుడు మన పక్క డీజిల్ లీటరు 92 రూపాయల దగ్గర, పెట్రోలు 101 దగ్గర ఉండింది. తేడా 9 రూపాయలే. కాబట్టి 2012 నాటి లెక్క ఇప్పుడు చెల్లదు. నేను బండి అమ్మేవాళ్లను అడగలేదు. స్టాండులో టీ తాగే డ్రైవర్లను అడిగినాను, లోడుతో నిజంగా ఎంత ఇస్తుంది అని. వాళ్లు చెప్పిన సరాసరి ఇది: డీజిల్ కుట్టి యానై 18, దోస్త్ 15, పెట్రోలు ఏస్ 14, బొలెరో పికప్ 12 కిలోమీటర్లు. తోలే చెయ్యిని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది.

నెలకు 1000 కిలోమీటర్లకు లెక్క వేస్తే:

డీజిల్ కుట్టి యానైకి సుమారు 5,100 రూపాయలు.
దోస్త్‌కు 6,100.
పెట్రోలు ఏస్‌కు 7,200.
బొలెరో పికప్‌కు 7,650.

చివరి రెండు వరసలు మళ్లీ చదవండి. పెద్ద డీజిల్ కన్నా చిన్న పెట్రోలుకే ఖర్చు తక్కువ. డీజిల్ అనే పేరులో చవక లేదు. ఎంత ఇంజనును ఎంత బరువుకు పెట్టినాము అనే దాంట్లో ఉంది.

మరి పెట్రోలు ఎవరికి? డీజిల్ కుట్టి యానైకీ పెట్రోలు ఏస్‌కూ నెలకు 2,100 తేడా. ఏడాదికి 25,000. 1000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు, వాళ్లు డీజిల్‌కే పోవచ్చు. అదే ఊరి లోపల అంగళ్లకు బోళీ, రొట్టె, నీళ్ల క్యాన్లు వేసుకుని నెలకు 500 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఆ తేడా ఏడాదికి 12,500కు పడిపోతుంది. ఒక్కసారి డీజిల్ పంపు, నాజిళ్లు విప్పితే ఆ మిగులులో పెద్ద భాగం దాంట్లోనే పోతుంది. కాబట్టి నేను నా కోసం పెట్టుకున్న గీత ఇది: నెలకు 600 కిలోమీటర్ల లోపల అయితే పెట్రోలు, 1000 దాటితే డీజిల్, నడుమ అయితే ఏ బండి ఒళ్లు బాగుంటే అది.

జనరేటర్ నేర్పిన పాఠం

డీజిల్ గురించి ఇంకో మాట. 2008 తర్వాత ఐదారు ఏండ్లు మన తమిళనాడులో కరెంటు కోత ఎట్లా ఉండిందో మిల్లు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మా మిల్లులో పెద్ద డీజిల్ జనరేటర్ ఉండింది. నిండుగా మెషీన్లు తోలినప్పుడు దాని పొగగొట్టం శుభ్రంగా ఉండేది. లైట్లకూ ఒక్క డిపార్టుమెంటుకూ మాత్రమే వేసిన రోజుల్లో గొట్టం నల్లగా, జిడ్డుగా అయ్యేది. ఫిట్టరు మేస్త్రి చెప్పేవాడు, డీజిల్ ఇంజనుకు పని తక్కువైనా జబ్బే అని. సరిగ్గా వేడెక్కదు, నూనె పూర్తిగా కాలదు, మసి కడుతుంది.

బీఎస్6 డీజిల్ బండ్లకు ఈ పాఠం ఇంకా గట్టిగా పడుతుంది. దేశమంతా 2017 ఏప్రిల్ నుంచి బీఎస్4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చినాయి. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగ పోయే దారిలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. బండి దూరం పోయి బాగా వేడెక్కితే ఆ మసి దానంతట అదే కాలిపోతుంది. రోజంతా రెండు కిలోమీటర్లకు ఒకసారి ఆపి, ఆపి తోలితే కాలదు. జల్లెడ మూసుకుంటుంది, మీటరులో లైటు వెలుగుతుంది, బండి లాగదు. కొన్ని బండ్లకు యాడ్‌బ్లూ అనే నీళ్లు కూడా పోయాల్సి ఉంటుంది. కాబట్టి ఊరి లోపల అంగడి అంగడికి తిరిగే పనికి బీఎస్6 డీజిల్ నేను వద్దంటాను. అదే రోజూ మదురై, తూత్తుకుడి అని పోయే బండికి అది మంచి ఇంజనే.

వేడి ఇంజను అబద్ధం చెబుతుంది

రింగు ఫ్రేములో వందల స్పిండిళ్లు తిరిగే చప్పుడులో ఒక్కటి తేడాగా తిరిగితే నడిచి పోతూనే పట్టేసేవాళ్లం మనం. ఆ చెవి మనకు మిల్లు ఇచ్చిన ఆస్తి. బండి కొనేటప్పుడు వాడుకోవాలి. నేను చూసే వరస ఇది.

తెల్లవారే పోవాలి. పోగానే సీటు ఎత్తి ఇంజను మీద చెయ్యి పెట్టాలి. కుట్టి యానైకి ఇంజను సీటు కిందే ఉంటుంది. వెచ్చగా ఉంటే మనం వచ్చేలోపలే స్టార్ట్ చేసి వేడి చేసినారు అని అర్థం. చల్లటి ఇంజనులోనే దాని జబ్బు బయట పడుతుంది.

స్టార్ట్ చేసినాక పొగ రంగు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు కొంచెం తెల్లపొగ వచ్చి నిమిషంలో పోతే పరవాలేదు. వేడెక్కినాక కూడా తెల్లపొగ వస్తుంటే నూనె కాలడం లేదు, లేదంటే లోపలికి నీళ్లు పోతున్నాయి. నల్లపొగ అయితే నాజిల్, పంపు, గాలి ఫిల్టరు చూడాలి. నీలం పొగ అయితే ఇంజను ఆయిలు తాగుతోంది, రింగులు అరిగినాయి.

ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీయాలి. గుప్పుగుప్పుమని పొగ ఎగదన్నితే ఇంజను పని దగ్గర పడింది. ఆయిలు చూసే కడ్డీ తీసి వేలికి రాసుకోవాలి. మజ్జిగ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్లు కలిసినాయి. రేడియేటర్ మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి, నీళ్ల మీద నూనె తేలితే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుకోవాలి.

టర్బో ఉండే బండి అయితే టర్బో నుంచి పోయే రబ్బరు గొట్టం విప్పించి చూడాలి. లోపల ఆయిలు తడి ఉండటం సహజం, కారుతుంటే ఖర్చు ఉంది.

బీఎస్6 డీజిల్ అయితే సైలెన్సర్ చివర లోపల వేలు పెట్టి తిప్పండి. జల్లెడ బాగుంటే వేలికి మసి అంటదు. నల్లగా అంటితే జల్లెడ పగిలింది, లేదా ఎవరో కోసి తీసేసినారు. వెల్డింగు గుర్తు ఉందా చూడండి. తాళం తిప్పగానే ఇంజను లైటు వెలిగి, స్టార్ట్ అయినాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే ఆ బల్బు పీకేసినారేమో అని అనుమానించాలి.

చివరిది, ముఖ్యమైనది: లోడుతో తోలి చూడాలి. ఖాళీ బండి ఏదైనా పరుగెత్తుతుంది. పది పప్పు మూటలు ఎక్కించి, ఒక బ్రిడ్జి ఎక్కించి, మధ్యలో ఆపి మళ్లీ ఎక్కించమనాలి. క్లచ్చి, లాగుడు, వేడి, మూడూ అక్కడ తెలుస్తాయి.

కాగితాలు నాలుగు మాటల్లో

ఇంజను మీద కొట్టిన నంబరు, ఛాసీ నంబరు రెండూ ఆర్‌సీతో సరిపోవాలి. ఇంజను మార్చి ఆర్‌సీలో ఎక్కించని బండి వద్దు. ఫైనాన్సు తీరిందా చూసుకుని, ఫారం 35తో ఆర్‌సీలో అది కొట్టించుకోవాలి. పేరు మార్చడానికి 29, 30 ఫారాలు. ఎఫ్‌సీ 8 ఏండ్ల దాకా రెండేండ్లకు ఒకసారి, తర్వాత ఏటా చేయించాలి, 15 ఏండ్లు దాటితే ఆ ఫీజు బాగా పెరుగుతుంది. మొత్తం బరువు 3000 కిలోలు దాటని గూడ్సు బండికి పర్మిట్ అక్కరలేదు. పదేండ్ల డీజిల్ బండి తిరగకూడదు అని కొందరు భయపెట్టి తక్కువకు అడుగుతారు. అది ఢిల్లీ పక్క మాట, మన ఊరికి కాదు.

చివరికి ఏం కొన్నాము

నాలుగు బండ్లు చూసినాము. మొదటి కుట్టి యానై తెల్లవారి 6 గంటలకు పోయినా ఇంజను కాలుతూ ఉండింది. "రేపు 5 గంటలకు వస్తాము, అంతవరకు ముట్టుకోవద్దు" అన్నాను. మర్నాడు పోతే బండి అమ్ముడైపోయింది అన్నారు. వారం తర్వాత కూడా అది అక్కడే నిలబడి ఉండింది. రెండోది 2021 పెట్రోలు ఏస్, 3,40,000. బండి బంగారంలా ఉంది. మా కిలోమీటర్లకు సరిపడదు, డబ్బూ చాలదు. మూడోది ఆ బొలెరో. నిజం చెప్పాలంటే ఇంజను శుభ్రంగా ఉండింది. మా అల్లుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగినాడు. నోటుబుక్కు వాడి జేబులోనే ఉంది, నేను ఒక్క మాట అనలేదు. వాడే వచ్చి, "వద్దులే మామా" అన్నాడు.

నాలుగోది కయత్తారులో, కట్టబొమ్మ నాయకుడి స్మారకం దాటి ఒక పాల వ్యాపారి ఇంట్లో దొరికింది. 2018 బీఎస్4 డీజిల్ కుట్టి యానై. ఒకే చేతి బండి. ఇంజను చల్లగా ఉండింది. మూత తీస్తే పొగ ఎగదన్నలేదు. 10 మూటలతో బ్రిడ్జి ఎక్కింది, మెల్లగా ఎక్కింది, కానీ ఎక్కింది. 2,70,000 చెప్పి 2,55,000కు ఇచ్చినారు. మిగిలిన 45,000 ముట్టలేదు. దాంట్లో నుంచి వెనక టైర్లు రెండు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, గ్లో ప్లగ్గులు అయినాయి. ఇది కూడా గుర్తు పెట్టుకోండి: చేతిలో ఉండే మొత్తంలో ఆరో వంతు పక్కన పెట్టి మిగతాదానికే బండి చూడాలి. సెకండ్ హ్యాండ్ బండి ఇంటికి వచ్చిన నెల లోపల ఏదో ఒకటి అడుగుతుంది.

పునలూరు నడక వస్తే మా అల్లుడు స్టాండులో దోస్త్ ఉండే స్నేహితుడికి ఇచ్చేస్తాడు. వాడు కమీషను ఇస్తాడు. ఆరు నెలలైంది. వాయిదా కట్టే తేదీ అనేది మా ఇంట్లో లేదు. రాత్రి నిద్ర పడుతోంది.

బండి ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం తిరుప్పూరు నుంచి పెద్దవాడు ఫోను చేసినాడు. వాళ్ల అమ్మ చెప్పినట్టుంది. కాసేపు ఊరి సంగతులు మాట్లాడినాడు. తర్వాత మెల్లగా అడిగినాడు: "నైనా, లోడు పెట్టి తోలి చూసినారా?"

"చూసినాము నాయనా" అన్నాను.

"అట్లయితే సరే" అన్నాడు.

పన్నెండేండ్ల తర్వాత వాడు బండి గురించి మాట్లాడిన మాట అది. ఆ రోజు వాడికి నేను ఒక నోటుబుక్కు కొనిచ్చి ఉంటే చాలు, గాజులు కుదవ పెట్టాల్సిన పని లేదు. మీ ఇంట్లో ఎవరైనా బండి అంటే ముందు ఆ పది రూపాయల నోటుబుక్కు కొనివ్వండి. ఏ ఇంజను కావాలో అది చెబుతుంది.